అడగండి, చెబుతాం: బొమ్మ ఇటుకలతో రోమన్ గుడి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. లెగో తరహా ప్లాస్టిక్ ఇటుకలతో పాతకాలపు రోమన్ గుడి నమూనా కట్టాలనుకునేవాళ్లు నల్గొండ, పాలమూరు వైపు ఇంతమంది ఉన్నారంటే సంతోషంగా ఉంది. కొలతలు చెప్పే ముందు మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి. ఇటుక మీద గుండ్రంగా పైకి లేచి ఉండే ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకు 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మి.మీ. పలుచటి ఇటుకను ప్లేటు అంటారు, దాని ఎత్తు 3.2 మి.మీ. అంటే మూడు ప్లేట్లు ఒక ఇటుకతో సమానం.

*ప్రశ్న: 32×32 బొడిపెల బేస్‌ప్లేట్ కొని, దాని మీద సరిపోయేలా గుడి కట్టడం మొదలుపెట్టాను. ఆరు స్తంభాలు పెడితే ఒకసారి ఇరుకుగా, ఇంకోసారి మరీ ఎడంగా వస్తున్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాను? (ఇంటర్ విద్యార్థి, నల్గొండ)*

బేస్‌ప్లేట్ నుంచి మొదలుపెట్టడమే తప్పు. రోమన్ గుడికి కొలబద్ద స్తంభం లావు. రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలపు వాస్తుశిల్పి విట్రూవియస్ కూడా స్తంభాల మధ్య ఎడాన్ని అడుగుల్లో చెప్పలేదు, స్తంభం లావుకు ఎన్ని రెట్లో చెప్పాడు. ఒకటిన్నర రెట్లు ఉంటే దగ్గరి వరుస, రెండు రెట్లు ఉంటే కొంచెం వదులు, రెండుంపావు ఆయనకు అన్నిటికన్నా నచ్చిన ఎడం. మూడు రెట్లు దాటితే రాతి దూలం ఆగదు, చెక్క దూలమే వేయాలని హెచ్చరించాడు. కాబట్టి ముందు స్తంభం ఎన్ని బొడిపెల లావో తేల్చుకోండి. మిగతా కొలతలన్నీ దాన్నిబట్టే వస్తాయి.

నమూనాకు ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణంలో ఉన్న మెజోఁ కారే గుడిని తీసుకోండి. దాదాపు చెక్కుచెదరకుండా నిలిచిన రోమన్ గుడి అది. 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పొడవు 26.42 మీటర్లు, వెడల్పు 13.54, అరుగు ఎత్తు 2.85, స్తంభాల ఎత్తు దాదాపు 9 మీటర్లు, లావు దాదాపు 0.9. ముందు ఆరు స్తంభాలు, పక్కన మూలవి కలుపుకుని పదకొండు, మొత్తం 30.

మీరు 1×1 గుండ్రటి ఇటుకతో స్తంభం కట్టి ఉంటారు. దాని లావు ఒక బొడిపె. ఒకటిన్నర రెట్ల ఎడం కావాలంటే ఒకటిన్నర బొడిపెలు కావాలి, అది లేదు. ఒక బొడిపె వదిలితే ఇరుకు, రెండు వదిలితే ఎడం. మీకు ఎదురైన చిక్కు ఇదే. 2×2 గుండ్రటి ఇటుకకు మారండి. లావు రెండు బొడిపెలు, ఎడం మూడు బొడిపెలు, సరిగ్గా ఒకటిన్నర రెట్లు. ఒక స్తంభం మొదలు నుంచి పక్క స్తంభం మొదలుకు ఐదు బొడిపెలు వస్తుంది. ముందు వరుస 5×5+2=27 బొడిపెలు, పక్క వరుస 10×5+2=52. చుట్టూ ఒక్కో బొడిపె అంచు వదిలితే అరుగు 29×54. అసలు గుడితో పోలిస్తే కొంచెం కుదించినట్టే గానీ కంటికి తెలియదు.

ఇక 32×32 సంగతి. 54 బొడిపెల గుడికి ముందు మెట్లకు ఇంకో 14 కావాలి, మొత్తం 68. రెండు బేస్‌ప్లేట్లు కలిపినా 64 దగ్గర ఆగిపోతాయి. గుడిని కొలుచుకుని మెట్లు మరిచిపోవడం చాలామంది చేసే పొరపాటు. రెండు 32×32లకు ఒక 16×32 కలిపి 80 బొడిపెల నేల చేసుకోండి. ముందు మిగిలే 12 బొడిపెల జాగా వృథా కాదు, దాని సంగతి కింద చెబుతాం. 29 బేసి, 32 సరి కనుక ఒక పక్క ఒక బొడిపె, ఇంకో పక్క రెండు మిగులుతాయి. అది కంటికి గుచ్చుకుంటుంది. బేస్‌ప్లేట్‌ను చెక్క పలక మీద అతికించి, పలకను అటూ ఇటూ సమానంగా కోయించుకుంటే పోతుంది.

*ప్రశ్న: పిల్లలతో కట్టిస్తున్నాం. అరుగు చుట్టూ నాలుగు పక్కలా మెట్లు పెట్టారు. చూసినవాళ్లు ఇది గ్రీకు గుడి అంటున్నారు. తేడా ఏమిటి? మెట్లు ఎన్ని ఉండాలి? (సోషల్ టీచర్, వనపర్తి)*

చూసినవాళ్లు చెప్పింది నిజం. గ్రీకు గుడికి చుట్టూ మెట్లుంటాయి, ఎటునుంచి చూసినా ఒకేలా కనిపిస్తుంది. రోమన్ గుడి మన గుడిలాగే ముఖం ఉన్న గుడి. ఎత్తైన అరుగు, మెట్లు ముందు వైపు మాత్రమే, ఆ పైన లోతైన ముఖమండపం, వెనక గర్భగుడి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసిన పిల్లలకు అధిష్ఠానం అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. రోమన్ అరుగు చేసే పనీ అదే.

మెట్ల లెక్క విషయంలో విట్రూవియస్ మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి. మెట్లు బేసిసంఖ్యలో ఉండాలన్నాడు. మొదటి మెట్టు మీద కుడికాలు పెడితే, పైకి చేరేటప్పుడూ కుడికాలే ముందు పడాలని. కొత్త కోడలు గడప దాటేటప్పుడు కుడికాలు ముందు పెట్టమని చెప్పే ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇది వెంటనే తలకెక్కుతుంది. మెజోఁ కారేకు 15 మెట్లు.

మన కొలతలో ఇది చక్కగా కలిసివస్తుంది. ఒక్కో మెట్టు ఒక ప్లేటు ఎత్తు, 15 మెట్లకు 15 ప్లేట్లు, అంటే 5 ఇటుకల ఎత్తు, 48 మి.మీ. అసలు గుడిలో 0.9 మీటర్ల లావు స్తంభం మనకు 16 మి.మీ. అయింది కనుక, ఈ కొలతలో అసలు అరుగు 51 మి.మీ. రావాలి. మూడు మి.మీ. తేడాను వదిలేయొచ్చు.

అయితే ఇక్కడే ఒక లెక్క తప్పుతుంది. అరుగును 15 ప్లేట్ల ఎత్తు కట్టేసి, బొడిపెలు కనబడకుండా పైన నున్నటి టైళ్లు పరుస్తారు. టైలు కూడా ఒక ప్లేటు ఎత్తే. మెట్లు 16 అయిపోతాయి, ఎడమకాలితో గుడిలోకి వెళ్లినట్టవుతుంది. అందుకే కింది నుంచి ఇలా పేర్చండి: 4 ఇటుకలు (12 ప్లేట్ల ఎత్తు), ఒక ప్లేటు (13), నేలను కట్టిపడేసే పెద్ద ప్లేటు (14), టైలు (15). స్తంభం వచ్చే చోట టైలు బదులు 2×2 ప్లేటు వేయండి, ఎత్తు సమానంగా ఉంటుంది, స్తంభానికి పట్టూ దొరుకుతుంది.

అరుగు లోపల నిండుగా పోయనక్కర్లేదు. కానీ ప్రతి స్తంభం కింద నిలువు ఆధారం తప్పనిసరి. నేల ప్లేటు కింద ఖాళీగా ఉంటే స్తంభాన్ని నొక్కినప్పుడల్లా నేల కిందికి వంగి, పక్క స్తంభం ఊడివస్తుంది. ఒక్కో ఆధారానికి 2×2 ఇటుకలు 4, 2×2 ప్లేటు 1. ముప్పై స్తంభాలకు 120 ఇటుకలు, 30 ప్లేట్లు. నేల మీద టైలు ఎత్తులో వచ్చే 2×2 ప్లేట్లు ఇంకో 30.

మెట్లకు రెండు పక్కలా మూడేసి బొడిపెల మందం ఉన్న పిట్టగోడలు పెట్టండి. మధ్యలో 23 బొడిపెలు మిగులుతాయి. ఒక మెట్టుకు టైళ్లు: 1×8వి రెండు, 1×6 ఒకటి, 1×1 ఒకటి. పద్నాలుగు మెట్లకు 1×8వి 28, 1×6వి 14, 1×1వి 14. పదిహేనో మెట్టు మండపం నేలే. వరుస మార్చి వరుసలో టైళ్లను తిప్పి పరవండి, లేకపోతే అతుకులన్నీ ఒకే గీతలో పడి మెట్లు పగిలినట్టు కనిపిస్తాయి.

ముందు మిగిలిన 12 బొడిపెల జాగాలో బలిపీఠం పెట్టించండి. రోమన్ల బలిపీఠం గుడి లోపల కాదు, గుడి ముందు ఆరుబయట ఉండేది. మన గుడుల్లోనూ బలిపీఠం గర్భగుడికి ఎదురుగా, బయటే ఉంటుంది కదా. 4×4 ప్లేటు మీద రెండు ఇటుకల ఎత్తు చాలు.

*ప్రశ్న: 2×2 గుండ్రటి ఇటుకలతో స్తంభాలు కట్టాను. పైన దూలం పెట్టగానే ఊగుతున్నాయి, రెండు విరిగిపడ్డాయి. జిగురు పెట్టాలా? (సూర్యాపేట)*

జిగురు వద్దు. రేపు ఒక స్తంభం మార్చాల్సి వస్తే కింది నేలంతా పాడవుతుంది. 2×2 గుండ్రటి ఇటుక నడిమిన ప్లస్ గుర్తు ఆకారంలో రంధ్రం ఉంటుంది. అందులోంచి టెక్నిక్ ఇరుసు అనే సన్నటి ప్లాస్టిక్ కడ్డీ దూరుతుంది. కొనేటప్పుడు రంధ్రం ఉందో లేదో చూసుకోండి.

స్తంభం మొత్తం ఎత్తు లావుకు పది రెట్లు, 160 మి.మీ., అంటే 50 ప్లేట్లు. కింది నుంచి పైకి: 2×2 చదరపు ప్లేటు, 2×2 గుండ్రటి ప్లేటు, ఇవి రెండూ పీఠం. తర్వాత గుండ్రటి ఇటుకలు 15 (45 ప్లేట్ల ఎత్తు). ఆ పైన కోరింథియన్ బోదె, అంటే ఆకులు చెక్కినట్టుండే స్తంభం తల: 1×1 పూరేకుల ప్లేట్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలు. చివర 2×2 చదరపు ప్లేటు. లెక్క వేసుకోండి: 1+1+45+2+1=50. పూరేకుల ప్లేటు ఆకుల బోదెను దూరం నుంచి బాగా గుర్తుకుతెస్తుంది. ముదురు రంగు వాడకండి, మిగతా స్తంభం రంగే వాడండి, నీడే ఆకుల్ని చూపిస్తుంది.

ఇరుసు విషయంలో చిన్న కిటుకు ఉంది. 15 ఇటుకల ఎత్తు 144 మి.మీ. ఇరుసు పొడవు ఒక్కో అంకెకు 8 మి.మీ. కనుక మొత్తం 18 అంకెల పొడవు కావాలి. 6, 12 కలిపితే 18 అవుతుంది. కానీ 6 పొడవు ఇరుసు 48 మి.మీ. దగ్గర, అంటే సరిగ్గా ఐదో ఇటుక అయిపోయే చోట ఆగుతుంది. ఇటుకల అతుకూ ఇరుసుల అతుకూ ఒకే చోట పడి స్తంభం అక్కడే మడతపడుతుంది. 8, 10 వాడండి. కింద 8 పెడితే 64 మి.మీ. దగ్గర, ఏడో ఇటుక నడుమ అతుకు వస్తుంది. ఆ ఒక్క ఇటుక పై ఇరుసునూ కింది ఇరుసునూ పట్టుకుంటుంది. విడిగా నిలబడే 10 స్తంభాలకు ఇది చాలు: ముందు ఆరు, వాటి వెనక పక్కకు రెండేసి.

మీ స్తంభాలు పడడానికి ఇంకో కారణం దూలం అతుకు అయి ఉండొచ్చు. దూలపు ప్లేట్ల అతుకు ఖాళీ మీద పడితే ప్రతి ముక్కా తన స్తంభాన్ని పక్కకు లాగుతుంది. అతుకు స్తంభం నడినెత్తిన పడాలి. రెండో పొరలో అతుకులు కింది పొర అతుకుల మీద పడకూడదు. రాతి దూలాలు పేర్చిన మన మండపాల్లో తల పైకెత్తి చూడండి, బండల కొసలు ఎక్కడ కలుస్తాయో తెలుస్తుంది.

*ప్రశ్న: గర్భగుడి గోడలకు సగం స్తంభాలు అతికినట్టు ఉంటాయి కదా. వాటికి సగం గుండ్రటి ఇటుకలు ఎక్కడ దొరుకుతాయి? (మహబూబ్‌నగర్)*

వెతకనక్కర్లేదు. మిగిలిన 20 స్తంభాలు నిజంగానే గోడలో సగం మునిగినవి. పక్కలకు ఎనిమిదేసి, వెనక నాలుగు. వాటికీ నిండు 2×2 గుండ్రటి ఇటుకే వాడండి, గోడను రెండు బొడిపెల్లో లోపలి బొడిపె వరుసలో కట్టండి. స్తంభం వెడల్పు దాని నడిమిన గరిష్ఠం, గోడ బయటి ముఖం సరిగ్గా అక్కడే ఆనుతుంది. లోపలి సగం గుండ్రంగా తిరిగినా ఆ సందు బయటికి కనబడదు. దీపం పెట్టినా వెలుతురు రాదు.

ఒక ఇబ్బంది ఉంది. రెండు స్తంభాల మధ్య గోడ మూడు బొడిపెల వెడల్పు, 15 ఇటుకల ఎత్తు. దాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు, వేలు తగిలితే చాలు వంగుతుంది. దాని వెనక ఒక బొడిపె మందంతో పొడవాటి ఇటుకల గోడ ఇంకొకటి కట్టి, ప్రతి ఐదో వరుసలో 2×3 ఇటుక పెట్టండి. మూడు బొడిపెల వెడల్పు, రెండు బొడిపెల లోతు కాబట్టి రెండు గోడలనూ కలిపి పడుతుంది.

మొత్తం గుండ్రటి ఇటుకలు 30×15, అంటే 450. అన్నీ ఒకే కంపెనీవి, వీలైతే ఒకేసారి కొన్నవి అయి ఉండాలి. వేర్వేరు రకాలు కలిపితే ఇటుకకో వెంట్రుకవాసి తేడా వచ్చినా పదిహేను ఇటుకలకు అది కంటికి కనబడుతుంది, దూలం ఒక పక్కకు ఒరుగుతుంది. చవక ఇటుకలు అరుగు లోపల, గోడ వెనక వాడుకోండి, అక్కడ ఏ చిక్కూ రాదు.

*ప్రశ్న: పైకప్పు ఏటవాలు ఇటుకలతో వేస్తే గుడి కాస్తా గుడిసెలా ఉంది. (నాగర్‌కర్నూల్)*

45 డిగ్రీల వాలు ఇటుకలు వాడి ఉంటారు. రోమన్ గుడి ముఖం మీది ముక్కోణం పరుచుకున్నట్టు ఉండాలి. 18 డిగ్రీల 4×2 వాలు ఇటుకలు తీసుకోండి. ఒక్కో వరుసకు మూడు బొడిపెలు లోపలికి జరుగుతూ పోతే వాలు మొత్తం మీద దాదాపు 22 డిగ్రీలకు వస్తుంది. వరుసల మధ్య వచ్చే సన్నటి మెట్టు పెంకుల వరుసలా కనిపిస్తుంది, దాన్ని కప్పిపుచ్చకండి.

చూరు రెండు పక్కలా ఒక్కో బొడిపె బయటికి వస్తే పైకప్పు వెడల్పు 31, పొడవు 56. నాలుగు వరుసలు పోయాక 31లో 24 తీస్తే ఏడు బొడిపెలు మిగులుతాయి. అక్కడ నాలుగేసి బొడిపెల ఇటుకలు రెండు పట్టవు. ఐదో వరుసలో మాత్రం 33 డిగ్రీల 3×2 ఇటుకలు రెండు పక్కలా పెట్టి నడుమ ఒక బొడిపె వెడల్పు ఇటుకల వరుస పెట్టండి. 3+1+3. మొత్తానికి 4×2వి 224, 3×2వి 56.

లోపల డొల్లగా వదిలేస్తే రెండో వరుస ఒకే ఒక బొడిపె అంచు మీద నిలబడాలి. రెండు రోజుల్లో నడుము విరుగుతుంది. ప్రతి 8 బొడిపెలకు ఒకటి చొప్పున అడ్డగోడ, మెట్లుమెట్లుగా, వాలుకు ఆనేలా కట్టండి.

రంగు ఎర్రమట్టి పెంకు రంగు. రోమన్ పైకప్పులో అంచులు లేచిన బల్లపరుపు పెంకులు, వాటి సందుల మీద బోర్లించిన గూన పెంకులు ఉండేవి. మన పాత ఇళ్ల మీది గూన పెంకు తెలిసినవాళ్లకు ఆ రెండో పెంకు ఎలా ఉంటుందో చెప్పాల్సిన పనే లేదు.

ముఖం దూలం మీద అక్షరాలు రాయాలా అని కూడా అడిగారు. రాయకండి. మెజోఁ కారే మీది కంచు అక్షరాలు ఎప్పుడో పోయాయి, మేకుల రంధ్రాలే మిగిలాయి. ఆ రంధ్రాల వరుసను బట్టి 1758లో సెగియే అనే పండితుడు శాసనాన్ని చదివాడు. గుడి అగస్టస్ మనుమలు గయస్, లూషియస్‌లకు అంకితమని అప్పుడే తేలింది. నున్నటి టైళ్లు వదిలేస్తే ఇప్పటి గుడికి దగ్గరగా ఉంటుంది.

*ప్రశ్న: తెల్ల ఇటుకలు ఏడాదిలో పసుపెక్కాయి. మా ఊళ్లో ఎండ వల్లేనా? (మిర్యాలగూడ)*

వేడి కన్నా వెలుతురు కారణం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ ప్లాస్టిక్‌ను పసుపెక్కిస్తాయి. కిటికీకి ఎదురు గోడ దగ్గర కాకుండా కిటికీ ఉన్న గోడ దగ్గరే పెట్టండి. కొత్తగా కొనేటట్టయితే తెలుపు బదులు లేత ఇసుక రంగు తీసుకోండి. నీమ్ గుడి స్థానిక సున్నపురాయితో కట్టింది, ఆ రంగే దానికి దగ్గర, పసుపెక్కినా తెలియదు.

దుమ్ము పడితే మెత్తటి పెయింటు బ్రష్‌తో దులపండి. కడగాల్సి వస్తే నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. నల్గొండ బోరు నీళ్లతో కడిగి ఆరబెడితే తెల్లటి మరకలు పడతాయి, చివరిసారి ఫిల్టరు నీళ్లతో తొలవండి.

*ప్రశ్న: రోమ్‌లోని పాంథియాన్ గుండ్రటి కప్పు ఇదే సైజులో కట్టొచ్చా? (గద్వాల)*

కట్టలేరు. లోపలి వ్యాసమే 43.3 మీటర్లు. ఇదే కొలతలో 77 సెంటీమీటర్లు వస్తుంది, గోడల మందం వేరు. సగం కొలత తీసుకుని, గుడిని నిలువునా కోసినట్టు సగమే కట్టండి. కప్పు లోపలి పల్లపు గళ్లు ఐదు వరుసలు, వరుసకు 28. సగంలో వరుసకు 14 వస్తాయి.

*ప్రశ్న: నా దగ్గర ఇన్ని ఇటుకలు లేవు. చిన్న గుడి ఏదైనా చెప్పండి. (ఏడో తరగతి, అచ్చంపేట)*

నీకు రోమ్‌లోని పోర్టునస్ గుడి సరిపోతుంది. ముందు నాలుగే స్తంభాలు, వాటి వెనక పక్కకు ఒక్కొక్కటి, విడిగా నిలబడేవి మొత్తం ఆరు. ఇవి కోరింథియన్ కాదు, అయోనిక్. బోదెకు పూరేకులు అక్కర్లేదు, పైన రెండు పక్కలా చుట్టలు తిరిగినట్టుంటే చాలు.

స్తంభానికి 1×1 గుండ్రటి ఇటుకలే వాడు. ఎత్తు 8 ఇటుకలు, ఒక ప్లేటు. ఎడం రెండు బొడిపెలు పెట్టు, కొంచెం వదులే అయినా నాలుగు స్తంభాలకు బాగానే కనిపిస్తుంది. ముందు వరుస 10 బొడిపెలు, అరుగు వెడల్పు 12. అరుగు ఎత్తు 3 ఇటుకలు, అంటే 9 ప్లేట్లు. ఒక్కో ప్లేటుకు ఒక మెట్టు పెడితే మెట్లు 8 బొడిపెలు ముందుకు సాగి కృష్ణా పుష్కరఘాట్‌లా ఉంటుంది. రెండేసి ప్లేట్ల ఎత్తు మెట్లు నాలుగు, చివరిది ఒక ప్లేటు ఎత్తు పెట్టు. మెట్లు ఐదు, బేసి. ముందుకు వచ్చేది నాలుగు బొడిపెలే.

1×1 ఇటుకల్లోంచి ఇరుసు దూరదు కాబట్టి స్తంభాన్ని పట్టుకుని ఎత్తొద్దు. గుడిని జరపాలంటే అరుగు కింద చేతులు పెట్టి ఎత్తు.